మగ్గం గుంతల

గంజి వెట్టిన నూలంటే ఎలుకలకు పండుగ.
ఒక్క రాత్రిల ఏడు మూరల పడుగు కొరికినంక
రేషన్ దుకాణం ఎనక కాల్వల నుంచి
తెచ్చుకున్నం ఈ పిల్లిని.
బూడిద రంగు. ఒక చెవి చినిగింది.
పేరు వెట్టలే. "ఓయ్" అంటే వస్తది.

దానికి ఇల్లంత ఒక దిక్కు, మగ్గం గుంత ఒక దిక్కు.
పావుకోళ్ల పక్కన పాత బనీన్ల మీద
మూడు పిల్లల్ని వెట్టింది.
ఆయన తొక్కుతుంటే పాదాల మీదికెక్కి పండేటివి.
"మెత్తగున్నయే" అని నవ్వేటోడు
నడుము దాక భూమిల ఉండే మనిషి.

పిక్కల మీద ఎర్రగ లేచినయి.
నేను కండె చుట్టుకుంట "దోమలు" అన్న.
ఆయన "గోమార్లు" అన్నడు.
ఎవరి మాట వాళ్లకే ఇడిసి అన్నం తిన్నం.

తర్వాత జ్వరం.
మూడు రోజులు గట్టుప్పల ఆర్ఎంపీ సూది.
ఐదు రోజులు చండూరుల సెలైన్.
మలేరియా లేదు. డెంగీ లేదు.
టైఫాయిడ్ ఉన్నట్టే ఉన్నది, లేనట్టే ఉన్నదన్నరు.
ఎదురింటి అండాలమ్మ దిష్టి అన్నది,
మిరపకాయలు దండుగైనయి.
చీర సగంల ఆగింది, కొంగు ఇంక రాలే.
షావుకారి ఫోను మోగుకుంటనే ఉన్నది.

పదో నాడు నల్లగొండ పెద్దాస్పత్రి.
నేను ఎన్నడు నోటితో పలకని పేరు
నర్సు కేకేసింది: "మార్కండేయులూ!"
యముడికి చిక్కని పేరు.
లేసి నిలవడనీకి నా భుజం కావల్సొచ్చింది.

డాక్టరమ్మ చిన్నది. మాటలు తక్కువ.
అంగీ లేపి చూసింది.
పొట్ట మీద, ఛాతి మీద సన్న సన్న దద్దులు,
కట్టు సరిగ్గ వడని చిటికీ నూలు మీద
ఎరుపు కారినట్టు.
ముప్పై ఏండ్లు చుక్కలు నేసిన మనిషి మీద
ఇంకెవరో నేసిన చుక్కలు.

"ఇంట్ల పిల్లి ఉన్నదా?"
ఇన్ని దినాల్ల ఎవ్వరడగని మాట.

"టైఫాయిడ్ కాదమ్మా, టైఫస్."
తోక ఒక్కటే తేడా అనుకున్న.
చీటీ ఎనక బొమ్మ గీసింది:
ఆవగింజ కన్న చిన్న పురుగు, ఎగిరే కాళ్లు.
ఎలుక మీదికెల్లి పిల్లి మీదికి,
పిల్లి మీదికెల్లి మన మీదికి.
దాని కడుపుల కంటికి ఆనని ఇంకో జీవి.
"కుట్టుడుతోని కాదు. కుట్టినకాడ అది రెట్ట ఏస్తది.
గోక్కుంటం కదా,
ఆ రెట్టను మనమే లోపటికి తోలుకుంటం."

వీపు మీద గోకింది నేను.
పండుకునేటప్పుడు, "ఇంకొంచెం పైకి" అంటే.
ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలే.

గోలీలు అగ్గువ. ఆటో కిరాయి కన్న అగ్గువ.
రెండో నాటికి చెమటవట్టి జ్వరం దిగింది.
మూడో నాడు పచ్చిపులుసు అడిగిండు.

మా తమ్ముడు గోనెసంచి వట్టుకొచ్చిండు,
తల్లిని పిల్లల్ని హైవే అవతల ఇడిసొస్తనని.
వద్దన్న.
ఇది పోతే ఎలుకలొస్తయి,
ఎలుకల మీద గవే పురుగులొస్తయి,
ఈసారి నడుమ పిల్లి కూడ ఉండది.

గుంతల దుమ్మంత ఎత్తిపోసినం. బనీన్లు కాలవెట్టినం.
సున్నం చల్లి, నాలుగు పెంకులు తీసి
పుట్టిన కాడికెల్లి ఎండ ఎరగని ఆ గుంతల
రెండు రోజులు ఎండను కూసోవెట్టినం.
పశువుల దవాఖానల పిల్లి మెడ ఎనక
మందు చుక్కలు ఏసిండ్రు.
పిల్లలు ఇంక పసియి, మందు వద్దన్నరు.
పేన్ల దువ్వెన వట్టుకొని నేనే కూసున్న.
సబ్బు నీళ్లల్ల నల్లగ రాలుతుంటే లెక్కవెట్టిన.
నలభై ఒకటి.
ఒకటి ఎగిరింది.

నిన్న మళ్ల గుంతల కాళ్లు దించిండు.
నాడె ఆడుతున్నది. కొంగు మొదలైంది.
నడుమ చప్పుడు ఆగింది.
పిక్క మీద ఏదో పాకినట్టున్నది,
చెయ్యి కిందికి పోయి, గోర్లు ముడుచుకొని,
అట్లనే ఉన్నది గాలిల.

"ఓయ్" అన్నడు.
పిల్లి రాలే.
నేనొచ్చిన, దీపం వట్టుకొని.